గ్లాసుడు మంచినీళ్ళు

4,016వ రోజు, సోమవారం

కుండ కడిగాను. నిన్నటి నీళ్ళు క్రోటన్ మొక్కలకు పోసి కొత్తవి పట్టాను. నిన్న ఎవరూ తాగలేదు. పదకొండేళ్ళుగా రాస్తున్న వాక్యమే ఇది. సభకు స్వయంగా వచ్చిన మనిషికి మంచినీళ్ళు ఇవ్వాలనీ, ఎవరు తాగారో పుస్తకంలో రాయాలనీ ఏడో నిబంధన. ఎవరూ రారు, కాబట్టి ఎవరూ తాగరు, నేను రాస్తూనే ఉంటాను.

నా పేరు గుబ్బల మాణిక్యం. వయసు యాభై నాలుగు. కొత్తరేవు సభాశాలలో సాక్షిని. సభ జరిగినంతసేపూ కనీసం ఒక్క మనిషి ప్రాణంతో హాజరై ఉండాలని చట్టం. ఆ ఒక్క మనిషి జీతం తీసుకుని కూర్చుంటుంది. ఈ పుస్తకం చేత్తోనే రాయాలని కూడా చట్టంలోనే ఉంది, చేతిరాతను ఎవరూ రాత్రికి రాత్రి మార్చలేరని.

సభాశాల ఒకప్పుడు సినిమా హాలు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అన్నీ అలాగే ఉన్నాయి, తెర ఒక్కటే తీసేశారు. ఆరువందల పన్నెండు సీట్లు, సీటుకో గొంతుపెట్టె. అరచెయ్యంత ఉంటుంది. పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతివాళ్ళకూ ఒకటి. మనిషి ఫోనులో ఏం చూస్తుంది, ఇంట్లో ఏం మాట్లాడుతుంది, ఏ వార్తకు నవ్వుతుంది, ఏ వార్తకు నిట్టూరుస్తుంది అన్నీ విని నేర్చుకుంటుంది ఆ పెట్టె. సభలో ఆ మనిషి గొంతుతోనే మాట్లాడి, ఆ మనిషి ఓటు తనే వేస్తుంది. మనుషులు ఇళ్ళలో ఉంటారు.

పొద్దున్న తొమ్మిదికి మెయిన్ వేయగానే ఆరువందల పన్నెండు గొంతులు లేస్తాయి. "మాణిక్యం గారూ, కాఫీ అయిందా?" "మాణిక్యం గారూ, మోకాలు ఎలా ఉంది?" మొదటి ఏడాది అందరికీ పేరుపేరునా జవాబు చెప్పేదాన్ని. మధ్యాహ్నం దాటిపోయేది. ఇప్పుడు బాల్కనీ మెట్ల దగ్గర నిలబడి "అయిందండీ, బాగుందండీ" అని టోకున చెప్పేస్తాను.

సాక్షికి సొంత పెట్టె ఉండకూడదు. ఒకళ్ళ తరఫున మాట్లాడే వస్తువున్న మనిషి సాక్ష్యానికి పనికిరాదట. బాగానే ఉంది. కానీ ఈ ఊళ్ళో పెళ్ళి పిలుపులు, పరామర్శలు, పేరంటాలు అన్నీ పెట్టెలే ఒకదానితో ఒకటి మాట్లాడుకుని కుదురుస్తాయి. పెట్టె లేని మనిషిని పిలవడానికి ఎవరికీ దారి లేదు. పదకొండేళ్ళలో నన్ను ఒక్కళ్ళూ బొట్టుపెట్టి పిలవలేదు. కోపం వచ్చేది. ఇప్పుడు కోపం కూడా రావడం లేదు, అదే బాధ.

ఈ పొద్దున మంచినీళ్ళ ట్యాంకరు దగ్గర కుర్చీ తరగతి 88, లలితాంబ గారు, నా ముందు నిలబడ్డారు. ఊరి బావులన్నీ ఉప్పెక్కాక వారానికి మూడు రోజులు ట్యాంకరే గతి. ఆవిడ పెట్టె రోజూ నా మోకాలి సంగతి అడుగుతుంది. ఆ గొంతు వినగానే నాకు తెలియకుండానే నవ్వాను.

"జరగండమ్మా, నా బిందె ముందుంది" అన్నారావిడ. నేనెవరో ఆవిడకు తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. జరిగాను.

4,017వ రోజు, మంగళవారం

చంద్రమ్మ వదిన వచ్చింది. కుండలో రెండు గ్లాసులు తాగింది. మంగళవారం, శుక్రవారం మాత్రం నా పుస్తకంలో ఈ వాక్యం ఉంటుంది.

పెచ్చెట్టి చంద్రమ్మది గువ్వలంక. గోదావరి మధ్యలో మిగిలిన ఆ లంకలో పద్నాలుగు గడపలున్నాయి. వాళ్ళాయన బుల్లియ్య గారికి మూత్రపిండాలు చెడ్డాయి. వారానికి రెండుసార్లు పంటు మీద ఏరు దాటించి ఇక్కడి ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయిస్తుంది. అది నాలుగు గంటల పని. ఆ నాలుగు గంటలూ సభాశాల వరండాలో, పాత టిక్కెట్ల గది పక్కన కూర్చుంటుంది. లోపలికి రమ్మంటే రాదు.

"అమ్మో, లోపల అంతమంది ఉంటారు" అంటుంది.

"మనుషులు కాదు వదినా, పెట్టెలు."

"పెట్టెలైతే మాత్రం? ఊరందరి గొంతులూ అయ్యే కదా. నాకు సిగ్గు బాబూ."

అందరి ఎదటా తలెత్తి మాట్లాడే మనిషి కాదు. మొహమాటం మూటగట్టి పుట్టింది. ట్యాంకరు లైనులో వెనకవాళ్ళందరినీ ముందుకు పంపి, ఆఖరికి ఖాళీ బిందెతో తిరిగి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. తిట్టాను కూడా. "పోనీలే, పిల్లలతల్లిలాగుంది" అంది.

ఈ రోజు ముంజలు తెచ్చింది. ఇద్దరం వరండాలో కూర్చుని తిన్నాం. నా మోకాలి మీద చెయ్యి వేసి "వాపు తగ్గినట్టుందే" అంది. పుస్తకంలో రాయాల్సిన సంగతి కాదిది. అయినా రాశాను.

4,019వ రోజు, గురువారం

తీర్మానం నంబరు 341. గువ్వలంక పంటు నిలిపివేత. లంకలోని పద్నాలుగు గడపలనూ అరవై కిలోమీటర్ల దూరంలో మెట్టమీద కట్టిన కాలనీకి తరలించాలి. లంకలో సోలారు పలకలు వేస్తారు.

మొదట బాల్కనీ 1 మాట్లాడింది. మట్టపర్తి ఫణీంద్ర గారి పెట్టె. ఊరందరి ఫోనుల్లో పొద్దున్నే వచ్చే 'ఊరిమాట' వార్తలు ఆయనవే. ఎవరికి కావలసిన వార్త వాళ్ళకు, ఎవరికి నచ్చే గొంతులో వాళ్ళకు వస్తుంది. సోలారు పలకల కంపెనీలోనూ ఆయనకు వాటా ఉంది. "పెద్దలందరికీ నమస్కారమండి. లంకవాళ్ళ మంచి కోసమే అనుకుంటున్నానండి. మీరంతా ఎలా అంటే అలాగేనండి" అంది ఆ పెట్టె, నోట్లో వెన్న పెట్టుకున్నట్టు.

తర్వాత వరసగా, "నాకేం అభ్యంతరం లేదండి." "ఫణీంద్ర గారు అన్నాక ఇంకేముందండి." "అందరితోపాటే మేమూ." ఆరువందల పన్నెండు. నేను గీతలు పెడుతూ పోయాను. బెంచీ 37 దగ్గర నా పెన్ను ఆగింది.

"నాకేం అభ్యంతరం లేదండి. ఊరందరూ ఎలా అంటే అలాగేనండి, ఆయ్."

చంద్రమ్మ గొంతు. ఆ 'ఆయ్' కూడా ఆవిడదే. తన పంటు ఆపెయ్యమని తనే ఓటేసింది.

అధ్యక్షుడు, అంటే సభ నడిపే యంత్రం, గడువు చదివింది. "తొమ్మిది రోజుల్లోగా ఒక్క సభ్యులైనా స్వయంగా హాజరై కాదంటే, తీర్మానం మొదటికి వస్తుంది. ఆ వచ్చిన వారి మాట మొదట విని, సభను మళ్ళీ అడుగుతాము. ఎవరూ రాకపోతే ఖాయం." ప్రతిసారీ చదువుతుంది. ఎవరూ రారు. గడువు మొదలైందని కూడా ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఊరిమాటలో నచ్చే వార్తలే వస్తాయి, గడువులు ఎవరికి నచ్చుతాయి?

సభ అయ్యాక పాత పుస్తకాలు దించి తిరగేశాను. పదకొండేళ్ళు, మూడువందల నలభై తీర్మానాలు. ఏ ఒక్కదానిలోనూ మొదట మాట్లాడిన పెట్టె ఓడిపోలేదు. నా చేతిరాతే, నా కళ్ళముందే ఉంది, నేనే చూడలేదు. మొదటివాడు ఏదంటే మిగతా అందరూ అదే అన్నారు. భయపడి కాదు, మొహమాటపడి. ఎదటివాడు ఒక మాట అన్నాక మొహం మీద కాదనడం మా వైపు మర్యాద కాదు. పెట్టెలు మనుషుల దగ్గర అన్నీ నేర్చుకున్నాయి, ఇదీ నేర్చుకున్నాయి. ఈ సంగతి ఫణీంద్ర గారికి రెండేళ్ళ కిందటే అర్థమైనట్టుంది. అప్పటినుంచీ ప్రతి సభలోనూ మొదటి మాట బాల్కనీ 1దే.

4,020వ రోజు, శుక్రవారం

వదిన వచ్చింది. ఒక గ్లాసు తాగింది.

గడువులో ఉన్న తీర్మానం గురించి సాక్షి ఎవరితోనూ మాట్లాడకూడదు. మూడో నిబంధన. మాట్లాడితే సాక్ష్యం చెడినట్టే. నోరు మూసుకుని కూర్చున్నాను. ఆవిడే ఫోను తీసి చూపించింది.

"చూడు మాణిక్యం, మాకు కొత్త పంటు వత్తందంట. నీలం రంగుదంట."

ఊరిమాటలో లంకవాళ్ళకు ఆ వార్త వస్తోంది. బొమ్మతో సహా. చదివిన అమ్మాయి గొంతు అచ్చం చంద్రమ్మ కాపురానికి వెళ్ళిన కూతురి గొంతులా ఉంది. వదిన దాన్ని రెండోసారి పెట్టుకుని వింది.

"ఎప్పుడంట?" అని మాత్రం అడిగాను.

"తొందర్లోనే అంట. మీ అన్నయ్యగారికి ఎక్కడం దిగడం సుఖంగా ఉంటాది."

కాలనీకి ఆసుపత్రి లేదు. నాకు తెలుసు. తీర్మానం ఆరో పేజీలో ఉంది, నేను సంతకం పెట్టిన పేజీలోనే.

4,022వ రోజు, ఆదివారం

సభకు సెలవు. గువ్వలంక వెళ్ళాను. మూడో నిబంధన మీరాను. ఇక్కడ దాచిపెట్టవచ్చు, చూసినవాళ్ళు లేరు. కానీ ఈ పుస్తకంలో ఒక్క అబద్ధం రాసినా మిగతా పదకొండేళ్ళూ ఎందుకు నమ్మాలి? అందుకని రాస్తున్నాను. వెళ్ళాను, చెప్పాను.

పంటు మీద నేనూ, నడిపే మనిషీ తప్ప ఎవరూ లేరు. పదకొండేళ్ళ తర్వాత ఏరు దాటాను. గాలి మొహానికి కొడుతుంటే ఎందుకో ఏడుపొచ్చింది.

వదిన నన్ను చూసి కంగారుపడిపోయింది. నులకమంచం వాల్చింది, బుల్లియ్య గారిని లేపింది, కొబ్బరిబోండం కొట్టి గ్లాసులో పోసి తెచ్చింది. ఉప్పు తగిలిన నేలలో కాయ కాయడమే గగనం. ఆ చెట్టుకు ఆ నెలలో కాసిన కాయలు మూడట. గ్లాసు పక్కన పెట్టుకుని మొత్తం చెప్పాను. పంటు ఆపేస్తారు వదినా, కొత్తదీ లేదు, నీలంరంగూ లేదు. నీ పెట్టె ఒప్పుకుంది. నువ్వు వచ్చి నోటితో ఒక్కసారి కాదంటే చాలు. శనివారంతో గడువు సరి, నువ్వు వచ్చే శుక్రవారమే ఆఖరు.

బుల్లియ్య గారు గోడకేసి తిరిగి పడుకున్నారు. వదిన కొంగు చివర మెలిపెట్టుకుంటూ అడిగింది.

"నా పెట్టె ఏమందన్నావు?"

"ఊరందరూ ఎలా అంటే అలాగేనండి అంది."

"మరి అది నా మాటే కదా" అంది.

"నీ మాటేంటి? నీ మొగుడి ప్రాణం వదినా అది!"

"నేనున్నా అలాగే అందును మాణిక్యం. అంతమంది పెద్దోళ్ళు ఒప్పేసుకున్నాక, నేనొక్కదాన్నీ లేచి కాదండీ అంటే ఏం బాగుంటాది? ఏవనుకుంటారు?"

పెట్టె తప్పు చేసిందనుకుని ఏరు దాటి వచ్చాను. పెట్టె తప్పు చేయలేదు. అది చంద్రమ్మను అక్షరాలా చంద్రమ్మలాగే పలికింది. నాకు ఎంత కోపం వచ్చిందంటే, అంత కోపం నా జన్మలో ఎవరి మీదా రాలేదు. ఫణీంద్ర గారి మీద కూడా. లేచి నిలబడ్డాను, వెళ్తున్నానని కూడా చెప్పకుండా గట్టు వైపు నడిచాను.

వెనక నుంచి కేక వినిపించింది. "మాణిక్యం! నీళ్ళు ముట్టకుండా ఎల్లిపోతావా?"

ఆ గొంతు ఎలా పగిలిందో రాయడం నాకు చేతకాదు. వెనక్కి తిరిగితే, వాకిట్లో ఆ నిండు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. మా వైపు సంబంధం ఇష్టం లేకపోయినా, పాలివాళ్ళతో మాట చెడినా కాదని ఎవరూ చెప్పరు. పెట్టిన మంచినీళ్ళు ముట్టకుండా లేస్తారు, అంతే. దానికి మించిన మాట లేదు. నేను కావాలని చేయలేదు, కోపంలో మరిచిపోయాను. వెనక్కి వెళ్ళి తాగాల్సింది. పొగరు అడ్డొచ్చింది. పంటు ఎక్కేశాను.

4,024వ రోజు, మంగళవారం

ఎవరూ తాగలేదు.

బుల్లియ్య గారిని పంటు నడిపే మనిషి ఆసుపత్రికి తీసుకెళ్ళాడట. వదిన ఏరు దాటిందో లేదో తెలియదు. వరండాలో మాత్రం లేదు. రెండుసార్లు బయటికి వచ్చి చూశాను. మూడోసారి కూడా చూశాను.

లోపల కుర్చీ 88 "మోకాలు ఎలా ఉంది మాణిక్యం గారూ?" అని అడిగింది. బెంచీ 37 "ముంజలు తెస్తానండి ఈసారి" అంది. ఆ పెట్టెను ఎత్తి నేలకేసి కొడదామనుకున్నాను. తుడిచి, ఉన్నచోటే పెట్టాను.

4,027వ రోజు, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదిన్నరకు సభ నడుస్తుండగా వెనక తలుపు తెరుచుకుంది. ఎండ లోపలికి పడింది. పదకొండేళ్ళలో సభ వేళ ఆ తలుపు తెరుచుకోవడం ఇదే మొదలు. చంద్రమ్మ వదిన. దాచిన పట్టుచీర కట్టింది. చెప్పులు బయటే విప్పి వచ్చింది. వరసలు లెక్కపెట్టుకుంటూ బెంచీ 37 దగ్గరికి వెళ్ళి, తన పెట్టెను పక్కకు జరిపి, దాని పక్కనే ఒదిగి కూర్చుంది.

"బెంచీ ముప్పై ఏడు స్వయంగా హాజరు" అన్నాడు అధ్యక్షుడు. "తీర్మానం 341 మీద మీకేమైనా అభ్యంతరమా?"

వదిన తల వంచుకుంది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. పక్కనున్న పెట్టె వినయంగా అందుకుంది. "నాకేం అభ్యంతరం లేదండి, ఆయ్."

నేను లేచి ఏడో నిబంధన ప్రకారం గ్లాసులో మంచినీళ్ళు పోసి తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. పొద్దుటినుంచీ ఎండలో వచ్చిన మనిషి. గొంతు తడారిపోయి ఉందని మొహం చూస్తే తెలుస్తోంది. నా కళ్ళలోకి ఒక్కసారి చూసింది. తర్వాత ఆ గ్లాసును రెండు వేళ్ళతో, మెల్లగా, అవతలికి జరిపింది.

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతే.

"మాట నమోదు కాలేదు" అన్నాడు అధ్యక్షుడు. "సాక్షి గారూ, మీరేం చూశారు?"

"మనిషి వచ్చారు. మంచినీళ్ళు ముట్టలేదు."

"ముట్టకపోవడం దేనికి గుర్తు?"

"మీరు సభనే అడగండి" అన్నాను.

అడిగాడు. ఆరువందల పెట్టెలు ఏమీ అనకుండా ఉండడం నేనెప్పుడూ వినలేదు. ముందు కుర్చీ 88 అంది. "అయ్యో! నీళ్ళు ముట్టలేదా?"

ఇంక చూడాలి. "అంత కష్టం కలిగిందా అమ్మా?" "ముందే ఒక్క మాట అంటే పోయేది కదండి!" "మా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?" "ముందు ఆవిడని నీళ్ళు తాగమనండి బాబూ!" నేల నుంచి బాల్కనీ దాకా ఒకటే గోల. ఊరి మనుషుల దగ్గర మొహమాటం నేర్చుకున్న పెట్టెలు, మొహమాటానికి మందు కూడా నేర్చుకునే ఉన్నాయి. అధ్యక్షుడికి తప్ప అందరికీ అర్థమైంది. అది కాదనడమేనని పెట్టెలే చెప్పాక అతను తీర్మానం మొదటికి తెచ్చి మళ్ళీ అడిగితే, మొదటి మాట చంద్రమ్మది కాబట్టి, ఒక్కటొక్కటిగా అన్నీ వెనక్కి తీసుకున్నాయి. "ఆవిడ వద్దన్నాక మాకెందుకండి." బాల్కనీ 1 కూడా అలాగే అంది. ఫణీంద్ర గారు ఇంట్లో వింటూ ఉంటే ఆయన మొహం ఎలా ఉందో చూడాలనిపించింది.

తీర్మానం వీగిపోయింది. అప్పుడు వదిన గ్లాసు దగ్గరకు లాక్కుని గడగడా తాగేసింది. "ఇంకో గ్లాసు పొయ్యి, చచ్చిపోతన్నాను" అంది నాతో. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

వెళ్ళేటప్పుడు వరండాలో నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఆవేళ ముట్టకుండా ఎల్లిపోయావు చూడు, రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అప్పుడనుకున్నాను, నోరు లేకపోతే మాత్రం ఏం, ఇదుంది కదా అని."

4,030వ రోజు, సోమవారం

అధ్యక్షుడి దగ్గర్నుంచి కొత్త ఉత్తర్వు. ఏడో నిబంధనకు చేర్పు. గడువులో స్వయంగా వచ్చిన సభ్యులు మంచినీళ్ళు ముట్టకపోతే అభ్యంతరంగా, తాగితే సమ్మతిగా నమోదు చేస్తారు. యంత్రానికి ఏదైనా ఒకసారి చూపిస్తే చాలు, నిబంధన చేసి కూర్చుంటుంది.

ఇంకో కాగితం కూడా వచ్చింది. నా పుస్తకం తనిఖీకి పంపమని. పంపాను, సాయంత్రానికి తిరిగి వచ్చింది. పంపేముందు నాలుగువేల ఇరవై రెండో రోజు పేజీ చింపాలని ఒక్క క్షణం అనిపించింది. చింపలేదు.

4,031వ రోజు, మంగళవారం

వదిన రెండు గ్లాసులు తాగింది. ఈసారి వరండాలో కూర్చోలేదు. నేరుగా లోపలికి వచ్చి బెంచీ 37లో కూర్చుంది.

"నా సీటు ఇది" అంది, బెంచీ చెక్క నిమురుతూ. "ఇన్నాళ్ళూ బయట కూకున్నాను చూడు, ఎర్రిదాన్ని."

లంక కబుర్లు చెప్పింది. పద్నాలుగు గడపలవాళ్ళూ వచ్చి ఆవిడ వాకిట్లో కూర్చుని వెళ్ళారట. నాలుగు గంటలూ ఎలా గడిచాయో తెలియలేదు.

4,032వ రోజు, బుధవారం

తీర్మానం నంబరు 342. సాక్షి మూడో నిబంధన మీరినందున, సాక్షి స్థానంలో పెట్టె ఏర్పాటు. ఆ పెట్టెకు నా పదకొండేళ్ళ పుస్తకాలూ చదివించి నేర్పుతారట. నా గొంతే పెడతారట. సాక్షి ప్రాణంతో ఉండాలన్న చట్టాన్నీ దీనితోపాటే సవరిస్తారట. సాక్షికి తనుంటున్న పాత ప్రొజెక్టరు గది తప్ప వేరే ఇల్లు లేదు కాబట్టి, నాకు మెట్టమీద కాలనీలో గది ఇస్తారు. లంకవాళ్ళు వెళ్ళలేదు కదా, ఖాళీగా ఉంది.

మొదట బాల్కనీ 1. "మాణిక్యం గారు మనకోసం ఎంతో చేశారండి. మోకాలు కూడా బాగోలేదు. విశ్రాంతి ఇవ్వడం మన ధర్మమండి."

"పాపం, అవునండి." "ఎన్నాళ్ళని కూర్చుంటారండి." కుర్చీ 88 అయితే నా మోకాలి గురించి ఐదు నిమిషాలు మాట్లాడింది, దాని నిండా ప్రేమే. బెంచీ 37 కూడా "నాకేం అభ్యంతరం లేదండి" అంది. గీత పెట్టాను.

మర్యాద కోసం అధ్యక్షుడు నన్ను కూడా అడిగాడు. "సాక్షి గారూ, మీరేమైనా అంటారా?"

అనాలనుకున్నాను. వరండా ఉంది, ముంజలున్నాయి, మంగళవారం ఉంది, శుక్రవారం ఉంది, ఇవి తప్ప నాకు వేరే ఊరు లేదు అనాలనుకున్నాను. ఆరువందల పన్నెండు గొంతులు నా జవాబు కోసం చూస్తున్నాయి.

"అందరూ ఎలా అంటే అలాగేనండి" అన్నాను.

నా నోరే. ఎవరూ నేర్పలేదు. చంద్రమ్మను ఏరు దాటి వెళ్ళి మరీ తిట్టిన నోరు.

పనివాళ్ళ తీర్మానాలకు గడువు మూడు రోజులే. ఒక్క సభ్యులు వచ్చి ముట్టకుండా కూర్చుంటే చాలు. శనివారం సాయంత్రంతో ఖాయం. మధ్యలో ఒకే ఒక్క శుక్రవారం.

4,033వ రోజు, గురువారం

ఎవరూ తాగలేదు.

వదినకు చెప్పాలి. చెప్పడమంటే మూడో నిబంధన మళ్ళీ మీరడమే. అది నన్ను ఆపదు, ఒకసారి మీరాను. ఆవిడ కోసం మీరినప్పుడు కాళ్ళు వాటంతట అవే పంటు ఎక్కాయి. నా కోసం నువ్వు వచ్చి కూర్చో, దాహమేసినా తాగకు, అని అడగడానికి మాత్రం నోరు రావడం లేదు. అద్దం ముందు రెండుసార్లు అనుకుని చూశాను. రెండుసార్లూ మధ్యలోనే ఆగిపోయాను. ఆవిడ ఏమనుకుంటుంది?

మళ్ళీ అదే మాట.

4,034వ రోజు, శుక్రవారం

వడగాడ్పు. పదకొండు కాకముందే రోడ్డు మీద పిట్ట లేదు. ట్యాంకరు రాలేదు. కుండలో సగం నీళ్ళున్నాయి.

వదిన పదకొండుంపావుకు వచ్చింది. బుల్లియ్య గారిని రేవు నుంచి ఆసుపత్రి దాకా చక్రాల కుర్చీలో తోసుకుని వెళ్ళి, అక్కడినుంచి నడిచి వచ్చింది. మొహం కందిపోయింది. చెమటకు రవిక అంటుకుపోయింది. తిన్నగా బెంచీ 37లో కూలబడి, కొంగుతో విసురుకుంటూ కళ్ళు మూసుకుంది. అరిటాకులో చుట్టిన ముంజలు నా చేతిలో పెట్టింది.

"బెంచీ ముప్పై ఏడు స్వయంగా హాజరు" అన్నాడు అధ్యక్షుడు. "తీర్మానం 342 గడువులో ఉంది."

"ఏదో అంటన్నాడేటి?" అంది వదిన కళ్ళు తెరవకుండానే.

చెప్పడానికి అదే సమయం. నాలుగు మాటలు చాలు. వదినా, ఈ పూట నీళ్ళు తాగకు. నోటిదాకా వచ్చింది.

"మాణిక్యం, నీళ్ళు ఇయ్యవే. నోరు పిడచకట్టుకుపోతంది."

ఆవిడ పెదాలు చూశాను. ఎండి, చిట్లి ఉన్నాయి. ఒకసారి నా కళ్ళముందే ఈ మనిషి ఇదే దాహంతో గ్లాసు అవతలికి జరిపి కూర్చుంది. మళ్ళీ కూర్చోమంటే కూర్చుంటుంది, నాకు తెలుసు. తెలుసు కాబట్టే అనలేకపోయాను.

కుండ దగ్గరికి వెళ్ళి గ్లాసు నింపి తెచ్చాను. ఎత్తి పోసుకుని ఒక్క గుక్కలో తాగేసింది.

"సమ్మతి నమోదైంది" అన్నాడు అధ్యక్షుడు.

"దేనికంట?"

"నువ్వు వచ్చావని రాసుకుంటున్నాడులే వదినా."

"మంచోడే పాపం" అని నవ్వింది. నా మోకాలి వంక చూసి "వాపు మళ్ళీ వచ్చిందేటి? మంగళారం ఆముదం తెత్తానుండు" అంది.

చెయ్యి చాచి గ్లాసు నా ముందు పెట్టింది. ఎండన పడి వచ్చిన మనిషి. ఇంకో గ్లాసు పోశాను.